మెత్తటివి ఏరి పెట్టాను

సెప్టెంబరు 6, శనివారం

మొదటి వాయి మాడింది. రెండో వాయిలో సగం గింజలు పేలకుండా అడుగున మిగిలాయి. మూడోది కుదిరింది.

అడుగు మందంగా ఉన్న గిన్నె కావాలి. ఒక చెంచా వేరుశనగ నూనె పోసి, ముందు మూడే మూడు మొక్కజొన్న గింజలు వేసి మూత పెట్టాలి. ఆ మూడూ పేలాకే మిగతావి వెయ్యాలి. గిన్నెను కదుపుతూ ఉండాలి. చప్పుళ్ళ మధ్య ఎడం వచ్చిందంటే దించెయ్యాలి. చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు చాలు. నెల్లూరు సినిమాహాల్లో బకెట్ నిండా పోసి ఇస్తారే, వెన్న వాసన కొడుతూ, చేతికి రంగు అంటుకుంటూ, ఆ సరుకు కాదు ఇది.

పన్నెండో తేదీన మండలంలో పోషకాహార ప్రదర్శన. ప్రతి అంగన్‌వాడీ సెంటరూ ఒక చిరుతిండి చేసి చూపించాలి. మిగతా టీచర్లందరూ రాగి లడ్డు అన్నారు. పదకొండేళ్ళుగా ఆ లడ్డును ప్రదర్శనలో చూస్తున్నాను గానీ, దాన్ని తిన్న పిల్లను చూడలేదు. నేను పాప్‌కార్న్ అన్నాను. సూపర్‌వైజర్ మేడమ్ "అదేం పోషకాహారం కరుణాకుమారీ?" అంది. పీచు బాగా ఉంటుంది, పొట్టు తియ్యని గింజ, నూనె చెంచాడే, పిల్లలు కొట్లో కొనుక్కునే ప్యాకెట్ల కన్నా వందరెట్లు నయం అని వాదించి ఒప్పించాను. వాదించడంలో నేనెప్పుడూ వెనకబడింది లేదు.

అమ్మ గిన్నెలోకి తొంగి చూసింది. "మేము మట్టి మంగలంలో ఇసక పోసి ఏపుకోనే వాళ్ళం. పేలాలకి ఇంగిలీషు పేరు పెట్టి ప్రదర్శనంటనా!" అని నవ్వుకుంటూ ప్రార్థన కూటానికి పోయింది.

తమ్ముడు సుశీల్ రొయ్యల గుంటల మీదికి, మరదలు అబిగయీలు రొయ్యల కంపెనీలో షిఫ్టుకి పోయారు. ఎవాంజెలిన్ ఎప్పటిలా నా దగ్గరే. నవంబరుకు రెండేళ్ళు నిండుతాయి దానికి. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు పుట్టిన బిడ్డ. వాళ్ళ బిడ్డే గానీ, అది ముందు పలికింది అమ్మ అని కాదు, అత్త అని.

దానికి నాలుగు పెట్టాను. మెత్తటివి ఏరి పెట్టాను. చార్టు మీద అంటించడానికి ఒక ఫోటో కూడా తీశాను. కొంచెం పొలమారింది. బాగా దగ్గింది, మొహం కందిపోయింది. వీపు మీద తట్టి నీళ్ళు తాగించాను. సర్దుకుంది. మింగేసింది. తర్వాత ఆడుకుంది కూడా.

సాయంత్రం అబిగయీలుకు చెప్పలేదు. చెప్పేంత ఏం జరిగిందని?

సెప్టెంబరు 7, ఆదివారం

చర్చి నుంచి వచ్చి, సాయంత్రం అందరం రామతీర్థం బీచికి పోయాము. అమ్మ వద్దంటున్నా అబిగయీలు బిడ్డను అలల్లో నిలబెట్టింది. గౌను నడుం దాకా తడిసింది. అది కేరింతలు కొడుతుంటే నాకు పెద్ద బరువు దిగినట్టయింది. రోగం ఉన్న బిడ్డ అలా ఎగురుతుందా?

నిన్నటి ఫోటో అబిగయీలుకు పంపాను. తెగ మురిసిపోయి వెంటనే స్టేటస్ పెట్టుకుంది. ఒళ్ళో పాప్‌కార్న్ గిన్నె, నోరంతా తెరిచి నవ్వు. నిజంగానే బాగుంది.

సెప్టెంబరు 9, మంగళవారం

పొద్దుటి నుంచి ఎవాకు దగ్గు. అమ్మ ఊరుకుంటుందా?

"సముద్రంలో నానబెట్టి తెచ్చినావు. పసిబిడ్డ అనుకున్నావా, ఎండుచేప అనుకున్నావా?" అని కోడలి మీద లేచింది.

అబిగయీలు నా వైపు చూసింది. నేను ఏదో ఒకటి సర్దిచెబుతానని చూస్తుంది ఎప్పుడూ. "కొంతమంది పిలకాయలకి ఆ గాలి పడదులేమ్మా" అన్నాను. సర్దిచెప్పినట్టే ఉంది ఆ మాట.

సెప్టెంబరు 10

దగ్గు. తమలపాకు రసంలో తేనె. ఆ రోజు మింగేసింది గదా. నేను చూశాను.

సెప్టెంబరు 12, శుక్రవారం

ప్రదర్శనలో మాదే మొదటి బహుమతి. మా బల్ల దగ్గరే జనం. ఆయా వెంకటశేషమ్మ గిన్నె కదుపుతుంటే, మూత కింద చప్పుడుకి పిల్లలందరూ చేరారు. రాగి లడ్డులు పళ్ళేల్లో పేర్చింది పేర్చినట్టే ఉన్నాయి. మేడమ్ నా భుజం తట్టి, చార్టు ఫోటో తీసి జిల్లా గ్రూపులో పెట్టింది. "ఇంట్లో చేసిన పాప్‌కార్న్ - ఆరోగ్యకరమైన చిరుతిండి" అని నా అక్షరాలు, పక్కన ఎవా నవ్వు.

ఇదంతా సంతోషంగా రాసుకోవాలనే కూర్చున్నాను. ఒక్క సంగతి అడ్డం పడుతోంది.

మా సెంటరుకు వచ్చే వాణి కొడుకును చంకనేసుకుని వచ్చి అడిగింది. "మేడమ్, మా వాడికి ఏడాదిన్నర. పెట్టచ్చునా?"

పెట్టకూడదు. రెండేళ్ళ కిందట నెల్లూరు ట్రైనింగులో చెప్పారు. నాలుగేళ్ళు నిండేదాకా వేరుశనగ గుళ్ళు, బఠాణీలు, పాప్‌కార్న్ ఇవ్వొద్దు, ఊపిరిగొట్టంలోకి పోతాయి అని. ఎర్ర ఇంకుతో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను. కానీ పెట్టకూడదంటే, మరి ఈ చార్టు మీద ఉండే పాపకు ఎన్నేళ్ళు మేడమ్ అని అడగదూ?

"మెత్తటివి ఏరి పెట్టు" అన్నాను.

సెప్టెంబరు 14, ఆదివారం

రాత్రి నుంచి జ్వరం. చర్చికి పోలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టర్ హజరత్తయ్య చూసి, నెమ్ము చేరిందన్నాడు. రేపు నెల్లూరు పొమ్మన్నాడు.

సెప్టెంబరు 15, సోమవారం

సెంటరుకు సెలవు పెట్టి నేనూ పోయాను. ఎవాను ఒళ్ళో పెట్టుకున్నది నేనే. పిల్లల డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి కుడివైపు నెమ్ము అంది. తర్వాత అబిగయీలును అడిగింది.

"ఏమైనా తింటూ పొలమారిందా? గింజలూ, బఠాణీలూ, అలాంటివి?"

"లేదు మేడమ్. నీళ్ళల్లో తడిసింది. నేనే తడిపినాను."

డాక్టరమ్మ రాసుకుంది. నేను ఎవా గౌను బొత్తాం సర్దుతూ కూర్చున్నాను. పెట్టిన బొత్తామే మళ్ళీ తీసి పెట్టాను.

డాక్టరమ్మ నన్ను అడగలేదు. తల్లిని అడిగింది. తల్లి తనకు తెలిసిన నిజం చెప్పింది. ఇందులో అబద్ధం ఎవరాడారు?

సెప్టెంబరు 17

జ్వరం తగ్గింది. చూశావా!

సెప్టెంబరు 19, శుక్రవారం

రాయకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు. ఈ మాట రాశాక చూసుకుంటే సిగ్గేసింది. ఊపిరాడనిది నాకా?

జ్వరం మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టింది అమ్మ. పాస్టర్ కృపాదానం గారు ఎవా నుదుటి మీద నూనె రాసి, మా అందరినీ మోకాళ్ళ మీద ఉండమన్నారు. మా సంఘంలో బిడ్డకు జబ్బు చేస్తే ఆయన ఎప్పుడూ అడిగే మాటే అడిగారు.

"ఈ ఇంట్లో ఎవరైనా హృదయంలో దాచుకున్నది ఉంటే, ప్రభువు ముందర, కుటుంబం ముందర ఒప్పుకోండమ్మా. బిడ్డకు అడ్డంగా ఏదీ ఉండకూడదు."

చెబుదామనే నోరు తెరిచాను. ఇది కూడా అబద్ధమేమో, తెలియదు. నేను తెరిచానో లేదో గానీ, అంతకుముందే అబిగయీలు భోరుమంది.

"నేనే అయ్యగారూ. అత్తమ్మ వద్దంటా ఉన్నా సముద్రంలో దించినాను. ఎనిమిదేళ్ళు ఏడ్చి తెచ్చుకున్న బిడ్డని నా చేతల్తో నేనే చెడగొట్టుకున్నాను. నన్ను క్షమించండి. అత్తమ్మా, నన్ను క్షమించు. వదినా, నువ్వు కూడా."

నేల మీద తల ఆనించి ఏడుస్తోంది. నా చెయ్యి దానంతట అదే పోయి ఆమె తల నిమిరింది. పాస్టర్ గారు క్షమాపణ ప్రార్థన చేశారు. చివర్లో అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, గట్టిగా.

సెప్టెంబరు 20

అబిగయీలు కంపెనీకి పోవడం మానేసింది. కిటికీలన్నీ మూసి బిడ్డను పట్టుకుని కూర్చుంది. ఆ ఉక్కలో ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు. సముద్రపు గాలి రాకూడదంట.

సెప్టెంబరు 22, సోమవారం

అబిగయీలు స్నానానికి పోయినప్పుడు ఎవా వీపుకు చెవి ఆనించి విన్నాను. ఎడమవైపు గాలి ఆడుతోంది. కుడివైపు కింద ఏమీ వినిపించలేదు. మళ్ళీ విన్నాను. పిల్లిపిల్లకు గొంతులో వచ్చే గురక లాంటిది పైన ఎక్కడో ఉంది, కింద లేదు.

నేను డాక్టర్ని కాదు. నాకేం తెలుసు?

సెప్టెంబరు 23, మంగళవారం

బిడ్డ ఎగశ్వాస తీస్తుంటే సుశీల్ కారు మాట్లాడి నెల్లూరు తీసుకుపోయాడు. ఆసుపత్రిలో చేర్చుకున్నారంట. నేను కారు ఎక్కబోతే అమ్మ నన్ను ఆపింది. "సెంటరుకి ఎన్ని సెలవులు పెడతావు? నేను పోతాలే" అంది. నాకు కాస్త హాయిగా అనిపించింది. అక్కడ డాక్టరమ్మ మళ్ళీ అడిగితే నేను ఉండను కదా అని. ఆ హాయిని రాసి పెట్టుకోవాలి. రేపు నేను మంచిదాన్నని అనుకోకుండా.

సెప్టెంబరు 25, గురువారం

నిన్నటి సంగతులు వరసగా రాస్తాను.

పదిన్నరకు వాణి సెంటరుకు వచ్చింది. చంకలో కొడుకు, వాడి చేతిలో ప్లాస్టిక్ కవరు. కవరు నిండా పాప్‌కార్న్.

"మీరు చెప్పినట్టే చేసినాను మేడమ్. వీడు ఇడిస్తేనా! దినామూ ఇదే అడగతా ఉండాడు."

వాడి బుగ్గ ఉబ్బి ఉంది. నేను వాడి మీద పడి దవడలు నొక్కి, వేలు పెట్టి నోట్లో ఉన్నదంతా లాగేశాను. వాడు కెవ్వుమన్నాడు. వాణి నన్ను తోసేసింది. "ఏంది మేడమ్ ఇది! పిచ్చా మీకు?" అని అరిచింది.

వెంకటశేషమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఏమైంది టీచరమ్మా?"

"ఎవా ఊపిరితిత్తుల్లో పాప్‌కార్న్ ఉంది. నేనే పెట్టినాను" అన్నాను.

నా నోటి నుంచి ఆ మాట మొదట విన్నది ఆయా. ఎవా తల్లి కాదు, తండ్రి కాదు, నేను ఆమెన్ చెప్పిన దేవుడూ కాదు.

ఆటో ఎక్కాను. మా విడవలూరు నుంచి నెల్లూరు దాకా ఫోన్ చేతిలోనే ఉంది. సుశీల్‌కు చేసి చెప్పి ఉంటే ముప్పావు గంట కలిసొచ్చేది. ఎదురుగా చెప్పడమే ధర్మమని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. భయమని ఇప్పుడు రాయగలను.

వార్డులో డాక్టరమ్మ ఉంది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకుని బిడ్డ పడుకుని ఉంది. నేను అందరి ముందరా చెప్పాను. అసలు జరిగింది చెప్పాను, డైరీలో రాసింది కాదు.

డైరీలో రాసింది అబద్ధం. నాలుగు పెట్టలేదు. ఏరలేదు. గిన్నె మొత్తం దాని ఒళ్ళో పెట్టాను, ఫోటో కోసం. నోట్లో పెట్టుకోమన్నాను, పెట్టుకుంది. నమిలేలోపలే "నవ్వవే ఎవా, అత్తకు నవ్వి చూపించు" అన్నాను. ఆ పిచ్చిది నేనేం చెప్పినా చేస్తుంది. నిండు నోటితో పకపకా నవ్వింది. నేను బటన్ నొక్కాను. ఆ వెంటనే ఊపిరి లోపలికి పీల్చుకుంది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "ఏ రోజు?" అంది. ఆరో తేదీ అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టి, నర్సును పిలిచి, చెయ్యాల్సినవి గబగబా చెప్పుకుంటూ పోయింది.

సాయంత్రం ఆరింటికి మత్తిచ్చి, గొట్టం వేసి తీశారు. నానిపోయి ఉబ్బిన గింజ ముక్క, దాని చుట్టూ చీము. పెసరబద్ద కన్నా కాస్త పెద్దది. చిన్న సీసాలో వేసి చూపించారు. "మొదటిరోజే చెప్పి ఉంటే అప్పుడే తీసేసి ఇంటికి పంపించేసేవాళ్ళం. ఇప్పుడు కుడివైపు కింది భాగం బాగా చెడింది. చాలావరకు కోలుకుంటుంది. పూర్తిగానా అంటే ఇప్పుడే చెప్పలేను" అంది డాక్టరమ్మ.

సుశీల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మ "మేయ్, ఇన్నాళ్ళు ఎట్టా ఉన్నావే?" అని ఒక్కమాట అంది. అబిగయీలు తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను.

చివరికి మెల్లగా అడిగింది. "ఆ దినం పాస్టర్ గారి ముందర నేను ఏడస్తా ఉంటే, నా తల నిమిరినావు గదా వదినా. అప్పుడు నీకు తెలుసునా?"

"తెలుసు" అన్నాను.

సెప్టెంబరు 28

జ్వరం లేదంట. అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నన్ను రావద్దంది.

అక్టోబరు 4, శనివారం

నిన్న ఎవాను ఇంటికి పంపించారు. మా ఇంటికి కాదు. అబిగయీలు నేరుగా అల్లూరులో వాళ్ళ అమ్మగారింటికి తీసుకుపోయింది. సుశీల్ వచ్చి బట్టలు సర్దుకున్నాడు. నాతో మాట్లాడాడు. "అన్నం తిన్నావాక్కా?" అన్నాడు. వాడు తిట్టి ఉంటే ఇంత ఏడ్చేదాన్ని కాదు.

ఈ వారమంతా సెంటరు అయ్యాక ఇంటింటికీ తిరిగాను. మా సెంటరు నుంచి ప్రదర్శనకు వచ్చిన తల్లులు ఇరవై ముగ్గురు. ఒక్కొక్కరి గుమ్మంలో నిలబడి చెప్పాను. పెద్దవాళ్ళు తినండి, బడికి పోయే పిల్లలకు పెట్టండి, మంచిదే. నాలుగేళ్ళు నిండని బిడ్డకు మాత్రం ఒక్కటి కూడా వద్దు. మెత్తటిదైనా వద్దు. తినేటప్పుడు బిడ్డను నవ్వించొద్దు, పరిగెత్తనివ్వొద్దు. ఎప్పుడైనా పొలమారి దగ్గు నిలవకపోతే, సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.

"ఎందుకు మేడమ్, ఎవరికన్నా ఏమన్నా అయిందా?" అని ప్రతి ఒక్కరూ అడిగారు. మా మేనకోడలికి అయింది, నేను పెట్టాను, నేనే దాచాను అని ఇరవై మూడుసార్లు చెప్పాను. ఎక్కువసార్లు చెబితే తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

వాణి తలుపు తీసి విని, "మంచిది మేడమ్" అని మళ్ళీ వేసుకుంది.

సూపర్‌వైజర్ మేడమ్‌కు కూడా చెప్పాను. ఆమె తల పట్టుకుంది. "ఫోటో పైదాకా పోయింది కరుణాకుమారీ. కింద 'నాలుగేళ్ళు దాటినవారికి' అని చిన్నగా రాసి మళ్ళీ పంపించు, చాలు" అంది. ఆ అక్షరాల పక్కన ఎవా మొహం పెట్టమంటుంది. నేను చార్టే చింపేశానని చెప్పాను. మెమో ఇస్తానంది. ఇవ్వనీ.

అక్టోబరు 9

పాప్‌కార్న్ చెయ్యడంలో తప్పేమీ లేదు. ఇప్పటికీ ఆ ప్యాకెట్ల కన్నా అదే నయం. ఇంకా వాదిస్తున్నాను, చూడు. ఎవరితోనో?

ఎవా నన్ను అడుగుతుందంట, "అత్త ఏదీ" అని. అమ్మ చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

అక్టోబరు 18, శనివారం

ఇవాళ సెంటర్లో బరువులు చూసే రోజు. అబిగయీలు వస్తుందని అనుకోలేదు. బిడ్డ కార్డు ఇక్కడే ఉంది కాబట్టి, డాక్టరమ్మ నెలనెలా బరువు రాయించుకు రమ్మందంట. సుశీల్ బండి మీద వచ్చి దిగింది. బాగా చిక్కింది. బిడ్డ ఇంకా చిక్కింది.

ఎవా నన్ను చూసి "అత్తా!" అని చేతులు చాపి ముందుకు ఉరికింది. అబిగయీలు పట్టు వదల్లేదు. అది ఒకటే గింజుకుంది. తల్లి చెవిలో ఏదో చెప్పి, తీసుకొచ్చి మిషను మీద నిలబెట్టింది. నిలబెట్టిందే గానీ, గౌను వెనక పట్టుకున్న చెయ్యి తియ్యలేదు. అంకెలు కిందికీ పైకీ ఊగుతున్నాయి.

"చెయ్యి తీస్తే గదా అబీ, బరువు తెలిసేది" అన్నాను.

తియ్యలేదు. నా మొహం చూడలేదు. నా చేతుల వైపు చూస్తోంది. వరసలో ఉన్న తల్లులందరూ మా వైపు తిరిగారు.

వెంకటశేషమ్మ నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, నువ్వు రవ్వంత బయట నిలబడు" అంది, ఎవరికీ వినపడకుండా.

రిజిస్టరు తీసుకుని గుమ్మం దాటి వరండాలో నిలబడ్డాను. లోపల ఎవా "అత్తా, అత్తా" అని రెండుసార్లు పిలిచింది. అప్పుడు అబిగయీలు చెయ్యి తీసినట్టుంది. ఆయా లోపలి నుంచి గట్టిగా చెప్పింది.

"తొమ్మిది కిలోల రెండొందలు!"

ఆగస్టులో పది దాటింది. గోడకు రిజిస్టరు ఆనించి, బయట నిలబడే రాసుకున్నాను.